హోయిట్ కోఫర్ చెరువు కట్టకి మొదటి తరగతి

కేట్స్‌విల్లులో హోయిట్ కోఫర్ మీద ఎవరికీ చెడ్డ అభిప్రాయం లేదు. ఆ మాటకొస్తే పెద్దగా ఏ అభిప్రాయమూ లేదు. ముప్ఫై ఒక్క ఏళ్ళు స్కూలు బస్సు నడిపాడు. జార్జియా వానల్లో, ఆ ఎర్రమట్టి రోడ్ల మీద, ఒక్క పిల్ల మోకాలు కూడా గీసుకోకుండా ఇళ్ళ దగ్గర దించాడు. రిటైరైన రోజున స్కూలు వాళ్ళు ‘ఉత్తమ డ్రైవరు’ అని ఇత్తడి ఫలకం చేయించారు. దాన్ని అదే రోజు రిటైరైన ఇంకొకావిడకి ఇచ్చి, హోయిట్ చేతిలో గోడ గడియారం పెట్టారు.

అతని రాతే అంత. కౌంటీ సంతలో టమాటాల పోటీలో వరసగా పదహారేళ్ళు రెండో బహుమతి. మొదటి బహుమతికి నీలం రిబ్బను, రెండో దానికి ఎర్ర రిబ్బను. హోయిట్ బీరువా సొరుగు తెరిస్తే మిరపపళ్ళు ఆరబోసినట్టు ఉంటుంది. చర్చి పెద్దల ఎన్నికలో రెండే రెండు ఓట్ల తేడాతో ఓడాడు. అందులో ఒకటి తన భార్య నెల్డాదేనని ఇప్పటికీ అతని అనుమానం. ఆ నెల్డా కూడా ముందు ఒక నావికుడికి మాటిచ్చి, అతను ఏదో రేవులో దిగి అక్కడే పెళ్ళాడి ఉండిపోతే అప్పుడు ఇతన్ని చేసుకుంది. నలభై ఆరేళ్ళ కాపురంలో ఆ నావికుడి పేరు హోయిట్ ఒక్కసారి కూడా ఎత్తలేదు. మరిచిపోనూ లేదు.

అతనికున్న ఆస్తల్లా వాళ్ళ నాన్న టాల్బర్ట్ వదిలిన పశువుల మేత భూమి, దాని మధ్య తొమ్మిదెకరాల చెరువు. ఆ చెరువుకి టాల్బర్ట్ స్వయంగా దగ్గరుండి కట్టించిన మట్టికట్ట. ఇరవై ఎనిమిది అడుగుల ఎత్తు. ఎడం కొసన గడ్డి అలుగు, మధ్యలో తుప్పు పట్టిన తూము, కట్ట మీద హోయిట్ నాటిన పైన్ చెట్లు బడిపిల్లల్లా వరసగా. ఐదేళ్ళకోసారి రాష్ట్రం ఆనకట్టల ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చేది. ‘మీ కట్ట రెండో తరగతి.’ టాల్బర్ట్ బతికున్నన్నాళ్ళూ ఆయనకి వచ్చింది. ఆయన పోయాక హోయిట్‌కి రావడం మొదలుపెట్టింది. ఇందులోనూ రెండోదే అనుకుని హోయిట్ దాన్ని సొరుగులో ఎర్ర రిబ్బన్ల మీద పడేసేవాడు.

అతనికి డెబ్బై ఒకటో ఏడు నడుస్తుండగా, ఏప్రిల్లో ఒక మంగళవారం ఇంకో ఉత్తరం వచ్చింది. కళ్ళజోడు ట్రాక్టరు మీద మరిచిపోయి, కాగితాన్ని చేయి చాచినంత దూరంలో పట్టుకుని, గేటు దగ్గరే నిలబడి కూడబలుక్కుని చదివాడు.

‘మీ కట్టను రెండో తరగతి నుంచి మొదటి తరగతికి మార్చడమైనది. మా ఇంజనీరు మే పన్నెండున వచ్చి చూస్తారు.’

అంతవరకే చదివాడు. వెనక ఇంకో పేజీ ఉంది. కానీ కళ్ళజోడు లేదు, పైగా కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

“నెల్డా!” అని కేకేసుకుంటూ ఇంట్లోకి వచ్చాడు. “నాన్న కట్టకి ఫస్టొచ్చిందే!”

“ఎందులో?” అంది నెల్డా, పిండి చేతులు దులుపుకుంటూ.

“రాష్ట్రంలో!”

నెల్డా కళ్ళజోడు వెతుక్కుని వచ్చేలోగా అతను ఆ రెండు పేజీలనూ ఒకదాని వెనక ఒకటి పెట్టి, వాళ్ళ మేనత్త ఫోటో తీసేసి, ఆ ఫ్రేములో బిగించేశాడు. మేకు కూడా కొట్టేశాడు. పైకి మొదటి పేజీయే కనిపిస్తోంది. నెల్డా అది చదివి, “బాగుంది గానీ, ఎందుకిచ్చారో రాయలేదేం?” అంది.

“అరవై ఏళ్ళకి దగ్గరపడుతోంది, ఒక్క గండి పడలేదు. ఇంకేం రాయాలి?”

మర్నాడు పొద్దున ఆ ఫ్రేము చంకలో పెట్టుకుని పెట్రోలు బంకు పక్కన డార్లీన్ హోటలుకి వెళ్ళాడు. అక్కడ కిటికీ పక్క పొడుగు బల్ల దగ్గర ఊరి ముసలాళ్ళు రోజూ కాఫీ తాగుతూ లోకాన్ని తిట్టుకుంటారు. ఆ బల్లకి పెద్ద గార్నెట్ సీలీ. డెబ్బై నాలుగేళ్ళు, కొబ్బరిచెట్టంత మనిషి, డప్పులాంటి గొంతు. పదహారు నీలం రిబ్బన్లూ ఆయనవే.

హోయిట్ ఫ్రేము తెచ్చి గార్నెట్ పళ్ళెం ముందు నిలబెట్టాడు.

“ఏంట్రా ఇది? కరెంటు బిల్లుకి పటం కట్టించావా?”

“చదువు.”

గార్నెట్ చదివాడు. మళ్ళీ చదివాడు. నోట్లో ముద్ద మింగకుండా, “మొదటి తరగతి అంటే?” అన్నాడు.

“మొదటి తరగతి అంటే మొదటి తరగతే. ఇందులో తెలియనిదేముంది? నీకు బాగా అలవాటైన మాటే కదా.”

బల్లంతా గొల్లుమంది. డార్లీన్ వచ్చి హోయిట్‌కి ‘పీచ్ పై’ అనే తీపి పళ్ళరొట్టె ముక్క ఒకటి ఊరికే పెట్టింది. ఆ సాయంత్రానికి రోడ్డు మీద హోటలు బోర్డు మీద అక్షరాలు మార్చింది. ‘మన హోయిట్ కట్టకి మొదటి తరగతి. అభినందనలు. శుక్రవారం చేపల భోజనం.’ హోయిట్ ఆ వారంలో ఏ పనీ లేకుండా ఆ రోడ్డు మీద పదకొండు సార్లు తిరిగాడు.

మే పన్నెండు వచ్చింది. హోయిట్ కట్ట మీద గడ్డి కోయించాడు. పైన్ చెట్ల మొదళ్ళకి సున్నం కొట్టాడు. నెల్డా పెకన్ గింజలతో ‘పై’ చేసింది. పిలిచినా పిలవకపోయినా హోటలు బల్లంతా ఆదివారం చొక్కాలు తొడుక్కుని వచ్చేసింది. గార్నెట్ కట్ట కిందనుంచి వాగు పక్కగా నడిచి వచ్చాడు. ఎదుటివాడి బహుమతి కళ్ళారా చూడటం ఆయనకి కొత్త. ముఖం ఎలా పెట్టుకోవాలో తెలియక ‘పై’ ముక్క తీసుకుని దాని వెనక దాక్కున్నాడు.

ఇంజనీరు పేరు మిస్ ఓడమ్. ముప్ఫై దాటి ఉంటాయి. మోకాళ్ళ దాకా బురద బూట్లు, భుజాన సంచి. అందరికీ నమస్కారం పెట్టి, ఎవరి ఉపన్యాసమూ వినకుండా కట్ట ఎక్కింది. తూములోకి టార్చి వేసి చూసింది. అలుగు అడుగులేసి కొలిచింది. కట్ట పాదం పొడుగునా నడిచి, కుడి పక్క ఒకచోట వంగి, మట్టి తీసి వేళ్ళ మధ్య నలిపింది. హోయిట్ చేతులు కట్టుకుని ఆమె వెనకాలే నడిచాడు, పెళ్ళిచూపుల్లో పిల్ల తండ్రిలా.

చివరికి ఆమె పైన్ చెట్ల దగ్గరికొచ్చి, సంచిలోంచి రిబ్బను చుట్ట తీసి ఒక్కో చెట్టుకీ ముక్క కట్టడం మొదలుపెట్టింది. ఎర్ర రిబ్బను.

హోయిట్ కాసేపు ఓర్చుకున్నాడు. “అమ్మా, తప్పుగా అనుకోకండి. ఫస్టుకి నీలం కదా కట్టేది?”

“దేనికి ఫస్టు?”

“కట్టకి. మొదటి తరగతి అని మీరే రాశారు.”

మిస్ ఓడమ్ చేతిలో రిబ్బను ఆగింది. అక్కడ నిలబడ్డ చొక్కాల్నీ, సున్నం కొట్టిన చెట్లనీ, నెల్డా చేతిలో పళ్ళాన్నీ చూసింది. పాపం, ఆమెకి విషయం అర్థమైపోయింది.

“కోఫర్ గారూ, ఉత్తరం రెండో పేజీ చదివారా?”

“అది గోడకుందమ్మా.”

“చూడండి, తరగతి అనేది కట్ట బాగుందనో బాగాలేదనో చెప్పదు. కట్ట తెగితే కింద ఏం జరుగుతుందో చెబుతుంది. పొలాలు మాత్రమే పాడవుతాయంటే రెండో తరగతి. మనుషుల ప్రాణాలు పోతాయంటే మొదటి తరగతి.”

హోటలు బల్ల ముసలాళ్ళెవరూ నవ్వలేదు. నవ్వడానికి కొంచెం వ్యవధి కావాల్సి వచ్చింది.

“కట్ట ఎంత గట్టిదైనా?” అన్నాడు హోయిట్.

“ఇనుముతో పోతపోసినా అంతే.”

“ఇన్నేళ్ళూ రెండో తరగతే కదమ్మా. మా కట్ట ఏం మారిందని?”

“కట్ట మారలేదండీ. కింద మారింది. ఇన్నేళ్ళూ అక్కడ ఎవరూ లేరు. ఈసారి పైనుంచి తీసిన ఫోటోలో వాగు ఒడ్డున చక్రాల మీది ట్రెయిలర్ ఇల్లు ఒకటి కనబడింది. ఎవరిదో తెలుసా మీకు?”

అందరూ ఒకేసారి గార్నెట్ వైపు తిరిగారు. ఆయన నోటి నిండా పెకన్ ‘పై’ ఉంది.

జరిగిందేమిటంటే, రెండేళ్ళ కిందట గార్నెట్ తన పెద్ద ఇల్లు కూతురికి రాసిచ్చేశాడు. ఆమెకి నలుగురు పిల్లలు, ఇంట్లో కూర్చుని డ్రమ్ములు వాయించే మొగుడు. ఆ మోతకి వారం రోజులు కూడా తాళలేక, ఒక పాత ట్రెయిలర్ కొని, హోయిట్ కట్టకి అర మైలు దిగువన, వాగు ఒడ్డున తన టమాటా మడి పక్కన నిలబెట్టుకుని అందులో కాపురం పెట్టాడు.

గార్నెట్ మెల్లగా నమిలి, మింగి, మూతి తుడుచుకున్నాడు. ఆయన ముఖంలో తెల్లవారినట్టు వెలుగు వచ్చింది.

“అంటే వీడి కట్టని ఫస్టు చేసింది నేనన్నమాట!”

ఇక ఆపడం ఎవరి తరం? హోటలు బల్ల కడుపు పట్టుకుని గడ్డి మీద కూలబడింది. హోయిట్ మాత్రం సున్నం కొట్టిన చెట్టు మీద చెయ్యి వేసి నిలబడిపోయాడు. చెట్లకి ఎర్ర రిబ్బను ఎందుకు కట్టిందో కూడా మిస్ ఓడమ్ అప్పుడే చెప్పింది. కొట్టేయాలట. వేళ్ళు కట్టలోకి దిగి నీటికి దారి చేస్తాయట.

వెళ్ళేముందు ఆమె అతన్ని పక్కకి పిలిచి అన్నీ విడమరిచి చెప్పింది. మొదటి తరగతి అయితే అలుగు రెండింతలు వెడల్పు చెయ్యాలి, తూము మార్చాలి, పెద్ద ఇంజనీర్లతో లెక్కలు కట్టించాలి. ఆ లెక్కలకే హోయిట్ ఇల్లూ ట్రాక్టరూ అమ్మాలి. లేదంటే కట్టని కోసి చెరువు ఖాళీ చెయ్యాలి. మూడో దారి, కింద ఎవరూ కాపురం ఉండకూడదు.

“కుడి పక్క పాదం దగ్గర చెమ్మ ఉంది. ఊట తేటగా వస్తే భయం లేదు. బురదగా వస్తే మాత్రం కట్ట లోపల మట్టి కదులుతోందని గుర్తు. కనిపెట్టి ఉండండి. ఈలోగా ప్రమాదం వస్తే ఎవరిని ఎలా హెచ్చరించాలో ఒక కాగితం రాసివ్వండి.”

ఆ కాగితంలో ‘ప్రమాదంలో ఉన్న వ్యక్తులు’ అన్నచోట హోయిట్ ఆ సాయంత్రం వంటింటి బల్ల దగ్గర కూర్చుని రాశాడు. ‘గార్నెట్ సీలీ. ఒక్కడు.’ రాసి చాలాసేపు ఆ పేరు వైపే చూస్తూ కూర్చున్నాడు.

“ఏంటలా చూస్తున్నావు? నీకు పడనివాడే కదా,” అంది నెల్డా.

“పడకపోతే? బస్సులో నాకు పడని పిల్లలు ఎంతమంది లేరు? ఎక్కాక దింపేదాకా మన పిల్లే.”

మర్నాడు వెళ్ళి ట్రెయిలర్ పైకి మార్చమని గార్నెట్‌ని అడిగాడు. గార్నెట్ మడిలో కూర్చుని మొక్కలకి కర్రలు కడుతున్నాడు.

“కదలను,” అన్నాడు తలెత్తకుండానే. “డెబ్బై నాలుగేళ్ళొచ్చాక చక్రాలు కట్టుకుని ఊరేగమంటావా?”

“మడి ఇక్కడే ఉండనీరా. పడుకోవడానికే పైకి రా. టమాటాలు ఉన్నా తరగతికి లెక్కలోకి రావట.”

“ఆ మాట వాటి ముందు అనకు.”

“కట్ట తెగితే?”

“ఎందుకు తెగుతుంది? మీ నాన్న కట్టిందని డప్పు కొట్టుకుంటావు కదా.”

తెగుతుందంటే నాన్నని తిట్టినట్టు. తెగదంటే వీణ్ణి కదపలేడు. తిరిగొచ్చి రంపం తీసుకుని పైన్ చెట్లు కొట్టాడు. పదిహేడు చెట్లు. నెల్డా మంచినీళ్ళు తెచ్చిన ప్రతిసారీ అటు తిరిగి నిలబడ్డాడు.

జూన్‌లో మిస్ ఓడమ్ మళ్ళీ వచ్చింది. కాగితం రాసినంత మాత్రాన చాలదు, ఒకసారి చేసి చూడాలంది. ఒప్పందం ఏమిటంటే, గార్నెట్‌కి ఫోను లేదు గనుక హోయిట్ తన ట్రక్కులో గుట్ట మీది పాత పత్తి కొట్టం దాకా వచ్చి మూడుసార్లు పొడుగ్గా హారను కొడతాడు. అది వినగానే గార్నెట్ ట్రెయిలర్ వదిలి గుట్టెక్కి కొట్టం దగ్గరికి రావాలి.

“కట్ట తెగితే నీళ్ళు మీ గుమ్మానికి ఏడు నిమిషాల్లో వస్తాయి సీలీ గారూ. గుర్తుంచుకోండి.”

“ఏడా? అంతసేపు ఏం చేసుకోను?” అన్నాడు గార్నెట్.

శనివారం పది గంటలకి హోయిట్ హారను కొట్టాడు. మిస్ ఓడమ్ చేతిలో గడియారం నొక్కింది. కింద ట్రెయిలర్ తలుపు తెరుచుకుంది. గార్నెట్ బయటికొచ్చి చెయ్యి ఊపాడు. మళ్ళీ లోపలికి వెళ్ళాడు. టోపీ పెట్టుకుని వచ్చాడు. నాలుగడుగులు వేసి, ఏదో జ్ఞాపకం వచ్చి వెనక్కి వెళ్ళాడు. ఈసారి తన నీలం రిబ్బన్లు అతికించిన పటం మోసుకొచ్చాడు. మెట్ల కింద పటం ఆనించి, మడిలోకి దిగి, మంచి మొక్క ఒకటి ఎంచి, పారతో తవ్వి, బక్కెట్లో పెట్టాడు. ఒక చేత పటం, ఒక చేత బక్కెట్టు పట్టుకుని గుట్ట సగం ఎక్కి, తలుపు తాళం వేశానా లేదా అని నిలబడి ఆలోచించాడు.

“వాడు వెనక్కి గానీ వెళ్తే నేనే కట్ట తెంపుతాను,” అన్నాడు హోయిట్ పళ్ళు కొరుకుతూ.

వెళ్ళాడు. వేసి వచ్చాడు. రొప్పుతూ, చెమటలు కక్కుతూ కొట్టం దగ్గరికి చేరి, బక్కెట్టు దించి, నడుం నిటారుగా చేసి అడిగాడు. “ఎలా చేశాను?”

“పోయారండీ,” అంది మిస్ ఓడమ్.

“ఎక్కడికి?”

“చనిపోయారు. పంతొమ్మిది నిమిషాలు పట్టింది. మీరు పోయి పన్నెండు నిమిషాలైంది.”

గార్నెట్ ముఖం పాలిపోయింది. “ఏ... ఏ చోట?”

ఆమె కాగితం చూసింది. “మొక్క తవ్వుతుండగా.”

ఆ కబురు గార్నెట్ కంటే ముందే ఊళ్ళోకి చేరింది. సాయంత్రానికి డార్లీన్ బోర్డు మారింది. ‘గార్నెట్ సీలీ ఆత్మకి శాంతి కలుగుగాక. శుక్రవారం చేపల భోజనం.’ మర్నాడు ఆయన హోటల్లో కాలు పెట్టగానే బల్లంతా లేచి నిలబడి టోపీలు తీసింది. హోయిట్ కూడా తీశాడు. గార్నెట్ కాఫీ తాగకుండానే వెళ్ళిపోయాడు. అతని వీపు చూశాక హోయిట్‌కి టోపీ మళ్ళీ పెట్టుకోవడం కష్టమైంది. నాలుగు మెట్లు దిగి వెనకాలే వెళ్ళాడు గానీ, ఏమని పిలవాలో తోచక ట్రక్కు తుడుస్తున్నట్టు నటించి ఊరుకున్నాడు.

సెప్టెంబరులో వాన పట్టుకుంది. రెండు రోజులు ముసురు. మూడో రోజు పొద్దున్నుంచి కుండపోత. మధ్యాహ్నానికి హోయిట్ గొడుగు విసిరేసి కట్ట ఎక్కి చూస్తే అలుగు మీద మోకాలి లోతున నీరు దూకుతోంది. నాన్న కట్టించాక అంత నీరు ఆ అలుగు మీద అతనెప్పుడూ చూడలేదు. ట్రక్కెక్కి, బురదలో జారుకుంటూ పత్తి కొట్టం చేరి, హారను మీద చెయ్యి పెట్టి తియ్యలేదు.

ట్రెయిలర్ తలుపు ధడాలున తెరుచుకుంది. గార్నెట్ మేజోళ్ళతోనే, చంకలో రొట్టె పొట్లంతో, లేడిపిల్లలా గుట్టెక్కి వచ్చి ట్రక్కులో పడ్డాడు.

“బూట్లేవిరా?”

“బూట్లు తొడుక్కుంటూ పోతే ఆ అమ్మాయి మళ్ళీ రాస్తుంది. ఎన్ని నిమిషాలు?”

హోయిట్ తన చేతి గడియారం చూశాడు. “నాలుగు లోపే.”

“బతికానన్నమాట,” అని గార్నెట్ వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నాడు.

ట్రక్కు అద్దంలోంచి వాళ్ళు చూస్తుండగానే వాగు ఒడ్డు దాటింది. ఎర్రటి నీరు మెల్లగా, ఏ తొందరా లేకుండా టమాటా మడిలోకి వచ్చింది. కర్రలు ఒక్కొక్కటే వంగాయి. తర్వాత కనబడలేదు. నీరు ట్రెయిలర్ రెండో మెట్టు దాకా వచ్చి ఆగింది. కట్ట తెగలేదు. అలుగు చెయ్యాల్సిన పని అలుగు చేసింది, అంతే. గార్నెట్ రొట్టె పొట్లం విప్పాడు. అందులో మిగిలిన రెండు టమాటాలున్నాయి, మయొనీస్ సీసా ఉంది. ఒళ్ళో పెట్టుకుని జేబుకత్తితో ముక్కలు కోసి, శాండ్‌విచ్ చేసి ఒకటి హోయిట్ చేతికిచ్చాడు.

నలభై ఏళ్ళ పరిచయంలో గార్నెట్ టమాటా రుచి చూడటం హోయిట్‌కి అదే మొదటిసారి. చూడకుండా ఉండాల్సింది. చాలా బాగుంది.

“నీకొకటి చెప్పాలిరా,” అన్నాడు గార్నెట్ కిటికీ వైపు తిరిగి. “మీ కట్ట పాదం దగ్గర కుడి పక్క ఊట ఉంది చూడు. ఎండాకాలంలోనూ ఆరదు. పధ్నాలుగేళ్ళ కిందట చూశాను. అక్కణ్ణుంచి నా మడికి చిన్న కాలువ తీసుకున్నాను.”

హోయిట్ నమలడం ఆపాడు. “అంటే, నా చెరువు నీళ్ళు తాగి పెరిగి, నీ టమాటాలు పదహారేళ్ళు నన్నే ఓడించాయా?”

“పదహారు కాదు. మొదటి రెండేళ్ళు బావి నీళ్ళే.”

“దిగు నా ట్రక్కు.”

“వానరా!”

“దిగమన్నానా!”

“మేజోళ్ళతో ఉన్నాన్రా దొంగసచ్చినోడా!”

హోయిట్ తలుపు మీద చెయ్యి వేశాడు. అంతలో ఇంకొకటి జ్ఞాపకం వచ్చి గొంతు మారింది. “ఆగు. ఆ ఊట ఎలా వస్తుంది? తేటగానా, బురదగానా?”

“ఎప్పుడూ తేటే.”

“ఇవాళ?”

ఇవాళ ఎవరూ చూడలేదు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. గార్నెట్ సీసాలో మిగిలిన మయొనీస్ రొట్టెతో తుడిచి నోట్లో పెట్టుకుని, సీసాని కిటికీలోంచి వానలోకి చాచి కడిగాడు.

“పద. ఎక్కడుందో నాకే తెలుసు.”

వాగు వైపు దిగకుండా గుట్ట వాలు మీదుగా, ఒకరి బెల్టు ఒకరు పట్టుకుని, ఇద్దరు ముసలాళ్ళూ జారుతూ లేస్తూ కట్ట కుడి కొస చేరారు. చూసినవాళ్ళుంటే రెండు తడిసిన గాడిదలు పోట్లాడుకుంటున్నాయనుకునేవాళ్ళు. గార్నెట్ బోర్లా పడుకుని సీసా ముంచాడు. హోయిట్ అతని కాళ్ళు పట్టుకున్నాడు. సీసా పైకెత్తి ఆకాశానికి అడ్డంగా పట్టుకుని చూశారు. వాన చినుకులు సీసా మీద పడుతుంటే చొక్కాలతో తుడిచి చూశారు. తుడవడానికి పొడి చొక్కా లేదు.

“తేటే,” అన్నాడు గార్నెట్.

“ఇంకోసారి ముంచు.”

ముంచాడు. తేటే. హోయిట్ బురదలో చతికిలబడి, కట్ట వాలు మీద అరచెయ్యి వేసి అలాగే ఉంచాడు. నాన్న ఉన్నప్పుడు కూడా ఆయన మీద అలా చెయ్యి వేసిన గుర్తు లేదు అతనికి.

ట్రక్కులోకి తిరిగొచ్చాక గార్నెట్, “ఈ పత్తి కొట్టం పక్కన జాగా నీదేనా?” అన్నాడు.

“నాదే.”

“ట్రెయిలర్ పడుతుందా?”

“పడుతుంది. మధ్యాహ్నం నీడ కూడా ఉంటుంది.”

“అద్దె ఇవ్వను.”

“నిన్నెవడడిగాడు?”

ఈ సంగతి విన్నాక మిస్ ఓడమ్ సంతోషిస్తుందనుకున్నారు. ఆమె ఇద్దర్నీ కూర్చోబెట్టి, స్కూల్లో పిల్లల్ని తిట్టినట్టు తిట్టింది. అలుగు పారుతుండగా కట్ట పాదం దగ్గరికి వెళ్తారా ఎవరైనా? “ఈసారి ఇద్దరూ పోయారు,” అని కాగితం మీద రాసింది కూడా.

అక్టోబరులో ట్రెయిలర్ గుట్టెక్కింది. హోయిట్ ట్రాక్టరు లాగింది, హోటలు బల్ల నెట్టింది, నెల్డా గుట్ట మీద నిలబడి అందరినీ తిట్టింది. ఒక చక్రం ఊడి వాగులోకి దొర్లుకుంటూ పోయింది. ఆ వైపు ఇటుకలు పెట్టారు. శీతాకాలంలో మిస్ ఓడమ్ గీసిచ్చిన బొమ్మ ప్రకారం ఊట దగ్గర కంకర పోసి, గొట్టం వేసి, నీరు ఒక్కచోటే పడేలా చేశారు. గార్నెట్ కొత్త మడికి అక్కణ్ణుంచే నీళ్ళు, ఈసారి అడిగి తీసుకున్నాడు.

మార్చిలో ఉత్తరం వచ్చింది. కట్ట మళ్ళీ రెండో తరగతి. హోయిట్ ముట్టుకోకముందే నెల్డా లాక్కుని రెండు పేజీలూ పైకి చదివింది.

“కింద ఎవరూ లేరని రాశారా?” అని అడిగాడు హోయిట్.

“ఎవరూ లేరనే రాశారు.”

“సరే అయితే,” అని కుర్చీలో వెనక్కి వాలి, పట్టపగలే రెండు గంటలు గుర్రుపెట్టి నిద్రపోయాడు.

చిక్కల్లా గార్నెట్‌తోనే వచ్చింది. ఇప్పుడు ఆ ‘ప్రమాదంలో ఉన్న వ్యక్తులు’ కాగితం మీద ఎక్కడా ఆయన పేరు లేదు. చచ్చినప్పుడైనా పేరుండేదని ఒకటే గొణుగుడు. ఆ పోరు పడలేక మిస్ ఓడమ్ ‘ఊట పరిశీలకుడు’ అని ఒక గడి గీసి అందులో రాసింది. అప్పట్నుంచి ఆయన రోజూ పొద్దున గొట్టం దగ్గర సీసా పట్టి, మూత బిగించి, హోటలుకి తెచ్చి బల్ల మధ్యలో పెడుతున్నాడు. డార్లీన్ వద్దని మొత్తుకుంది. తిండి దగ్గర చెరువు నీళ్ళేమిటంది. వినేదెవరు?

హోయిట్ కళ్ళజోడు పెట్టుకుని, సీసాని కిటికీ వెలుతురులోకి ఎత్తి, అటూ ఇటూ తిప్పి చూస్తాడు.

“ఇదేంట్రా, అడుగున ఏదో నలుసు?”

“కాఫీ పొడిరా. బయట అంటుకుంది, నీ చేతిదే.”

“సరిగ్గా చూడు.”

“చూశాను. తిను ముందు, చల్లారిపోతోంది.”